చూపు బాగానే ఉంది.. అయినా రెటీనా స్కాన్ అవసరమా?

ప్రశ్న: నా వయసు 46. ఎనిమిదేళ్లుగా షుగర్ ఉంది. చూపు స్పష్టంగానే ఉంది. అయినా కంటి డాక్టర్ రెటీనా రక్తనాళాల స్కాన్ చేయించుకోమన్నారు. నరానికి రంగు మందు ఎక్కిస్తారని విని టెన్షన్‌గా ఉంది. ఇది నిజంగా అవసరమా?

జవాబు: అవసరమే. చూపు బాగుందంటే రక్తనాళాలూ బాగున్నాయని కాదు. షుగర్ ముందుగా దెబ్బతీసేది కంటి వెనక ఉండే పొర అయిన రెటీనాలోని సన్నటి కేశనాళికలను. వాటి గోడలు బలహీనపడి అక్కడక్కడా చిన్న బుడగల్లా ఉబ్బుతాయి, కొన్ని మూసుకుపోతాయి. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు, చార్టులో ఆఖరి వరుస దాకా చదివేస్తుంటారు. మధ్యభాగమైన మాక్యులాలో నీరు చేరాక గానీ చాలామందికి తేడా తెలియదు. అంతవరకూ రానివ్వకూడదనే మా తాపత్రయం.

మీరు విన్నది ఫ్లోరెసీన్ యాంజియోగ్రఫీ గురించి. అందులో చేతి నరానికి పసుపు రంగు మందు ఎక్కించి వరుసగా ఫొటోలు తీస్తారు. కొందరికి కాసేపు వికారంగా ఉంటుంది, మూత్రం ఒక రోజు పసుపుగా వస్తుంది. తీవ్రమైన అలర్జీ అరుదు. తొలి పరీక్షగా అందరికీ దీన్ని చేయరు.

మీకు చెప్పింది బహుశా ఓసీటీ యాంజియోగ్రఫీ అయి ఉంటుంది. దీనికి సూది అక్కర్లేదు. యంత్రం ఒకే చోటును కాంతితో వెంటవెంటనే స్కాన్ చేస్తుంది. కదలని కణజాలం ప్రతిసారీ ఒకేలా కనిపిస్తుంది, పరుగెత్తే రక్తకణాలు మాత్రం మారుతుంటాయి. ఆ తేడాతోనే రక్తనాళాల పటం తయారవుతుంది. రక్తం అందని చోట నల్లటి ఖాళీ కనిపిస్తుంది. మామూలు ఫొటోలో దొరకని మార్పులు కూడా ఇందులో బయటపడొచ్చు.

అయితే దీనికీ పరిమితులున్నాయి. రక్తనాళం నుంచి ద్రవం కారుతోందా అన్నది ఇది చూపదు. ఎక్కువగా మధ్యభాగమే పడుతుంది, అంచులు మిగిలిపోతాయి. అందుకే కంట్లో చుక్కలు వేసి రెటీనా మొత్తం చూసే పరీక్ష తప్పనిసరి. చుక్కల తర్వాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది, బండి నడపకండి.

మార్పులేమీ లేకపోతే ఏడాదికోసారి చూపించుకుంటే చాలు. ఉంటే ఎన్ని నెలలకు రావాలో మీ డాక్టర్ చెబుతారు. అప్పుడు మూత్రంలో అల్బుమిన్ అనే ప్రొటీన్ పోతోందేమో చూసే పరీక్ష కూడా అడిగి చేయించుకోండి. కంట్లో సన్నటి నాళాలు దెబ్బతిన్నప్పుడు కిడ్నీల్లోనూ అలాగే జరుగుతుండొచ్చు. షుగర్‌తోపాటు బీపీ అదుపులో పెట్టుకోండి.

ఉన్నట్టుండి నల్లటి చుక్కలు తేలినా, తెర దిగినట్టనిపించినా, గీతలు వంకరగా కనిపించినా తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకండి. అదే రోజు కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.