పచ్చి మాంసం పెట్టాలంటే ముందు ఎముక లెక్క

చి. శ్రావణికి, మామయ్య ఆశీస్సులు.

మీ లాబ్రడార్ కుక్క బ్రూనోకి ఇకనుంచి పచ్చి మాంసమే పెడతానన్నావు. పెట్టు, కాదనను. కానీ "రోజూ బోన్‌లెస్ తెచ్చి గిన్నెలో వేస్తే చాలు కదా మామయ్యా" అన్నావు చూడు, చాలామంది దెబ్బతినేది అక్కడే. ఉత్త కండలో ఫాస్ఫరస్ దండిగా ఉంటుంది, కాల్షియం దాదాపు ఉండదు. తిండిలో కాల్షియం అందకపోతే కుక్క ఒళ్ళు దాన్ని సొంత ఎముకల్లోంచే లాక్కుంటుంది. ఎదిగిన కుక్కల్లో నెలల తరబడి పైకి ఏమీ కనపడదు. ఆకలి బాగుంటుంది, బొచ్చు నిగనిగలాడుతుంది, మనం బాగానే ఉందనుకుంటాం. ఎదిగే కుక్కపిల్లల్లో మాత్రం కాళ్ళు వంకర పోతాయి, మంచం మీంచి దూకినా ఎముక విరుగుతుంది. అందుకే ఏడాదిలోపు పిల్లలకి, ముఖ్యంగా పెద్ద జాతులవాటికి, ఈ తిండి ఇంట్లో సొంత లెక్కతో మొదలుపెట్టొద్దని చెబుతాను. వాటికి కాల్షియం తగ్గినా చేటే, పెరిగినా చేటే. బ్రూనోకి రెండేళ్ళు దాటాయి కాబట్టి ఆ భయం లేదు.

ఇక లెక్కకి వద్దాం. ఎదిగిన కుక్కకి రోజుకి దాని బరువులో రెండు నుంచి మూడు శాతం తిండి కావాలి. బ్రూనో 30 కిలోలు, రోజూ నడక ఉంది కాబట్టి రెండున్నర శాతం అనుకో, అంటే 750 గ్రాములు. అందులో 80 పాళ్ళు కండ, 10 పాళ్ళు ఎముక, 5 పాళ్ళు కార్జం, మిగతా 5 పాళ్ళు తిల్లి (ప్లీహం) గానీ కిడ్నీ గానీ. కందనకాయ, గుండెకాయ కండ కిందకే వస్తాయి, వాటిని కార్జం లెక్కలో కలపకు. కోడి మెడల్లో మూడో వంతుకి కాస్త పైన ఎముకే ఉంటుంది. కాబట్టి 200 గ్రాముల మెడలు వేస్తే ఆ రోజుకి సరిపడా ఎముక వచ్చేస్తుంది. దానికి 475 గ్రాముల ఎముక లేని కండ, 35 నుంచి 40 గ్రాముల కార్జం, అంతే తిల్లి. వారానికి ఒకేసారి కొనేట్టయితే మెడలు కిలో 400, కండ మూడు కిలోల 300, కార్జం 260, తిల్లి 260. కండంతా కోడిదే కాకుండా చూడు. ఒక అరకిలో కందనకాయ, గుండెకాయ కలిపి తీసుకో. ఇంట్లో అభ్యంతరం లేకపోతే ఓ కిలో బర్రె మాంసం కూడా. ఇనుము, జింకు కోడిలో కంటే అందులో ఎక్కువ.

వంటింటి తూకం ఒకటి కొనుక్కో. కార్జం కళ్ళతో కొలిచేది కాదు. రోజూ గుప్పెడు గుప్పెడు వేస్తూ పోతే విటమిన్ ఏ ఒంట్లో పేరుకుని కీళ్ళు బిగుసుకుపోతాయి.

లాబ్రడార్లు నమలకుండా గుటుక్కున మింగేస్తాయి. మెడ ముక్కని చేత్తో ఓ కొస పట్టుకుని రెండో కొస నోటికి ఇవ్వు. కటకటమని నమిలే చప్పుడు వినపడాలి. వినపడకపోతే చికెన్ కొట్టతన్ని మెడలు కీమా కొట్టిమ్మని అడుగు. పొట్టేలు నల్లి ఎముకలు, తొడ ఎముకలు వద్దు. అవి గట్టివి, పైదవడ పెద్ద పన్ను నిలువునా చీలుతుంది. వండిన ఎముక అసలే ఇవ్వకు, ఉడికిన ఎముక పుల్లల్లా చిట్లి పేగుల్లో గుచ్చుకుంటుంది. బిర్యానీలో ముక్క అయినా సరే. కూరలో ముక్కలు కూడా వద్దు, ఉల్లి, వెల్లుల్లి కుక్క రక్తంలోని ఎర్రకణాల్ని పగలగొడతాయి.

మాంసం కొనడం దగ్గరే సగం పని ఉంది. పొద్దున్నే వెళ్ళి, కళ్ళముందు కోసింది తెచ్చుకో. ఎండాకాలం పదింటికల్లా ఆ చెక్కమీద ఉన్న మాంసం పచ్చిగా పెట్టడానికి పనికిరాదు. "కుక్కలకి" అని చవగ్గా కట్టిచ్చే సంచీలో తోలు, పేగులు, తలకాయలే ఎక్కువ. ఆ కొవ్వుకి క్లోమం వాచే ప్రమాదముంది, పేగుల్లో ఉన్న మురికి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

గొర్రె, మేక కార్జం, ఊపిరితిత్తుల దగ్గర నా మాట జవదాటకు. వాటిలో తెల్లటి నీటి బుడగల్లాంటి తిత్తులు ఉండొచ్చు. వాటిని పచ్చిగా తిన్న కుక్క పేగుల్లో ఎకినోకోకస్ అనే చిన్న బద్దెపురుగు పెరుగుతుంది. కుక్కకి ఏమీ కాదు. దాని మలంలో వచ్చే గుడ్లు మన చేతికి, నోటికి చేరితే మన కార్జంలో, ఊపిరితిత్తుల్లో అవే తిత్తులు కడతాయి, ఆపరేషన్ దాకా పోతుంది. అందుకని కార్జం కోడిదే వాడు. గొర్రె, మేక లోపలి భాగాలు, అంటే తిల్లి, కిడ్నీతో సహా, అరగంట మరగనిచ్చాకే వెయ్యి. బద్దెపురుగులకి పనిచేసే ప్రాజిక్వాంటెల్ ఉన్న నట్టల మందు ఎన్నాళ్ళకోసారి వేయాలో మీ డాక్టర్‌గారిని అడుగు, పచ్చి మాంసం పెడుతున్నానని చెప్పి మరీ అడుగు. పంది మాంసం పచ్చిగా అసలొద్దు.

ఫ్రీజర్‌లో పెడితే సూక్ష్మజీవులు చస్తాయని ఎవరన్నా చెబితే నమ్మకు. గడ్డకట్టిస్తే కొన్ని పరాన్నజీవులు చస్తాయి. సాల్మొనెల్లా, ఈ-కోలై లాంటివి నిద్రపోతాయంతే, కరగ్గానే లేస్తాయి. అందుకే ఒక్కో రోజుదీ విడిగా డబ్బాలో పెట్టి, ముందురోజు రాత్రి ఫ్రిజ్‌లో అన్నిటికంటే కింది అరలోకి దించు. గట్టు మీద పెట్టి కరిగించొద్దు. చికెన్‌ని కుళాయి కింద కడిగితే ఆ తుంపర్లు సింకంతా, పక్కనున్న గిన్నెలంతా పడతాయి, కడక్కు. గిన్నె ముందు పెట్టాక ఇరవై నిమిషాల్లో తినకపోతే తీసిపారెయ్. స్టీలు గిన్నె, విడి కత్తి, విడి చెక్క, సబ్బుతో వేడినీళ్ళు. తిన్నాక ఓ గంటన్నా మొహం నాకనివ్వకు. కుక్క హుషారుగా ఉన్నా మలంలో సాల్మొనెల్లా పోతూనే ఉండొచ్చు, కాబట్టి పెరట్లో వెంటనే ఎత్తెయ్యాలి. కరెంటు పోతే నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకపోతే రెండు రోజులు, సగమే ఉంటే ఒక రోజు చల్లదనం నిలుస్తుంది. పూర్తిగా కరిగి మెత్తబడింది మళ్ళీ గడ్డకట్టించకు.

ఈ పద్ధతిని 1990లలో బాగా ప్రచారంలోకి తెచ్చింది ఆస్ట్రేలియా పశువైద్యుడు ఇయాన్ బిల్లింగ్‌హర్స్ట్. అమెరికా పశువైద్యుల సంఘం 2012లో పచ్చి మాంసం పెట్టొద్దని విధానమే ప్రకటించింది. వాళ్ళ భయం కుక్క గురించి ఎంతో, ఇంట్లో మనుషుల గురించీ అంతే, ఆ భయం న్యాయమైనదే. ఐదేళ్ళలోపు పిల్లలు, గర్భిణులు, ముసలివాళ్ళు, కీమో తీసుకునేవాళ్ళు ఉన్న ఇంట్లో నేనైతే వండే పెట్టమంటాను. కుక్కకి క్లోమం జబ్బున్నా, స్టెరాయిడ్లు వాడుతున్నా అంతే. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినట్టు మీ చుట్టుపక్కల ఎప్పుడు వచ్చినా, ఆ రోజు నుంచే పచ్చి కోడి మానెయ్. బాగా ఉడికితే ఆ వైరస్ చస్తుంది.

వండి పెట్టడం చిన్నతనమేమీ కాదమ్మా. మెడలు తీసేసి, ఎముక లేని మాంసం, కార్జం, తిల్లి అన్నీ కలిపి 700 గ్రాములు నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళతో సహా పెట్టు. ఎముక బదులు గుడ్డు పెంకుల పొడి నాలుగు గ్రాములు, అంటే ముప్పావు టీస్పూను. పెంకులు పది నిమిషాలు మరిగించి, ఆరబెట్టి, మిక్సీలో మైదాలా మెత్తగా పట్టాలి. గరుకుగా ఉంటే అరగకుండానే బయటికి పోతుంది. పచ్చిదైనా, వండిందైనా విటమిన్ ఇ, డి, అయోడిన్, మాంగనీసు మాంసంతో పూర్తిగా అందవు. వారానికి రెండుసార్లు వంద గ్రాముల కవళ్ళు (సార్డీన్ చేపలు) ఉడికించి, ముళ్ళు తీసి కలుపు. మిగతా మందుల మోతాదు డాక్టర్‌గారితో రాయించుకో.

మార్పు పది రోజుల్లో చెయ్యి. మొదట పాత తిండిలో నాలుగో వంతు తీసి కోడి కండ, కొంచెం మెడ కీమా. మొదటి రెండు వారాలు కోడి తప్ప ఇంకే మాంసమూ వద్దు, కార్జం ఆ తర్వాతే, అదీ చిటికెడు ముక్కతో మొదలు. అసలు సంగతి మలం చెబుతుంది. తెల్లగా, సుద్దముక్కలా పొడిపొడిగా వచ్చి ముక్కుతోందంటే ఎముక ఎక్కువైంది, మర్నాడు మెడలు సగం చెయ్యి. నల్లగా, జారుగా వస్తే కార్జం ఎక్కువైంది. ఒకటికి రెండుసార్లు వాంతి చేసుకుని తిండి ముట్టకపోయినా, పొట్ట బిగదీసుకుని వంగి నిలబడినా, నెత్తురు కనపడినా, ఇంట్లో వైద్యం చెయ్యకు. ఎముక అడ్డుపడి ఉండొచ్చు, వెంటనే ఎక్స్‌రే తీయించు.

పదిహేను రోజులకోసారి బరువు చూసి రాసిపెట్టు. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి కనపడకూడదు. కిలో పెరిగితే రోజుకి యాభై గ్రాములు తగ్గించు, అయితే నాలుగు రకాలూ అదే పాళ్ళలో తగ్గాలి. మెడలు మాత్రమే తగ్గిస్తే మళ్ళీ కాల్షియం తప్పుతుంది.

మీ మామయ్య