వలస కార్మికుల విధానాలు రాసే అధికారి కావాలంటే ఐఏఎస్ తప్పనిసరా?

"మా నాన్న పదిహేనేళ్లుగా ఒమన్‌లో ఉన్నారు. గల్ఫ్ కార్మికుల కోసం విధానాలు రాసే ఉద్యోగం చేయాలని ఉంది. ఐఏఎస్ అయితేనే కుదురుతుందా? ఆ పని లోపల ఎలా ఉంటుంది?" అని అడిగావు. నా చిన్న కూతురి వయసుదానివి కాబట్టి నువ్వనే రాస్తున్నాను బిడ్డా.

ఐఏఎస్ తప్పనిసరి కాదు. నేను 1989లో స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్ష రాసి, ఢిల్లీలో కార్మిక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటుగా చేరాను. 2023లో డిప్యూటీ సెక్రటరీగా రిటైరయ్యాను. ఈ 34 ఏళ్లలో 14 ఏళ్లు వలసల ఫైళ్లతోనే గడిచాయి. సివిల్స్ రాసి ఐఏఎస్ అయితే డిప్యుటేషన్ మీద కేంద్రానికి రావచ్చు. ఐఎఫ్ఎస్ (విదేశాంగ సర్వీసు) అయితే రాయబార కార్యాలయాల్లో కార్మికుల సమస్యలు నేరుగా నీ బల్ల మీదకే వస్తాయి. నా దారిలో పైకెక్కడం ఆలస్యం. కానీ కాగితం ఎక్కడ పుడుతుందో, ఎక్కడ ఆగిపోతుందో మొదటి రోజు నుంచే తెలుస్తుంది.

మన దేశంలో ఈ పనికి మూలం 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం. పదో తరగతి పాసు కానివాళ్లలో ఎక్కువమంది పాస్‌పోర్టు ఈసీఆర్, అంటే వలస తనిఖీ తప్పనిసరి అనే కోవలోకి వస్తుంది. అలాంటివాళ్లు గల్ఫ్ సహా 18 దేశాల్లో పనికి పోవాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే ప్రభుత్వ అధికారి అనుమతి తీసుకోవాలి. వీళ్లందరి పైన ఢిల్లీలో ప్రొటెక్టర్ జనరల్ ఉంటారు. 2004 వరకు ఇదంతా కార్మిక శాఖ కింద ఉండేది. ఆ తర్వాత ప్రవాస భారతీయుల కోసం ప్రత్యేక మంత్రిత్వ శాఖ పెట్టారు. 2016లో దాన్ని విదేశాంగ శాఖలో కలిపేశారు. నేను ఆ మంత్రిత్వ శాఖ ఆఫీసు ఉన్న ఢిల్లీ అక్బర్ భవన్‌లో ఉండగానే ఈ విలీనం జరిగింది. బోర్డులు మారాయి గానీ అల్మారాలూ ఫైళ్లూ అవే.

చేరిన కొత్తలో నన్ను కలచివేసిన విషయం ఒకటి చెప్తాను. ఆ చట్టంలో లైసెన్సు లేకుండా మనుషుల్ని పంపేవాడికి గరిష్ఠ శిక్ష 2 ఏళ్ల జైలు, 2 వేల రూపాయల జరిమానా. ఊళ్లో భూమి కుదువపెట్టి లక్షలు కట్టినవాడు ఖల్లివల్లి అయి, అంటే సరైన కాగితాల్లేని కార్మికుడై, పార్కుల్లో పడుకుంటే, వాడిని పంపినవాడికి పడేది ఆ 2 వేలు! పోలీసులు కేసు పెట్టినా ప్రాసిక్యూషన్‌కు కేంద్రం అనుమతి కావాలి. ఆ అనుమతి ఫైళ్లు చాలాకాలం నా దగ్గరే నడిచాయి. చార్జిషీటులో ఒక్క పత్రం తగ్గినా వెనక్కి పంపాల్సి వచ్చేది. అది తిరిగి వచ్చేసరికి ఫిర్యాదుదారు మళ్లీ దుబాయ్ పోయి ఉండేవాడు.

నన్ను మార్చింది మాత్రం ఢిల్లీ కాదు, కౌంటరు. 2008 నుంచి రెండేళ్లు దక్షిణాదిలో ఒక ప్రొటెక్టర్ కార్యాలయంలో పనిచేశాను. రాయచోటి వైపు నుంచి ఒకామె వచ్చింది, కువైట్‌లో ఇంటిపనికి. వయసు 28. 30 ఏళ్లు నిండని ఈసీఆర్ మహిళలకు అనుమతి ఇవ్వకూడదని ఉత్తర్వు. ఆమె మేలు కోసమే అనుకుంటూ నిరాకరించి సంతకం పెట్టాను. నాలుగు నెలలకు ఆమె అన్న వచ్చాడు. "మీరు వద్దన్నారు, ఏజెంటు విజిట్ వీసా మీద ఇంకో దారిలో పంపాడు, ఇప్పుడు ఫోను కూడా లేదు సారూ" అన్నాడు. అతని చేతిలో ఒక ఫొటో, వీసా జిరాక్సు తప్ప ఏమీ లేవు. మా రిజిస్టర్లలో ఆమె వెళ్లినట్టే లేదు. సరైన దారిలో పోయుంటే ప్రవాసీ భారతీయ బీమా ఉండేది, యజమాని పేరు ఉండేది, ఒప్పందం ఉండేది. చివరికి ఔట్‌పాస్ మీద, అంటే పాస్‌పోర్టు లేనివాళ్లకు రాయబార కార్యాలయం ఇచ్చే తిరుగు ప్రయాణ పత్రం మీద తిరిగొచ్చింది. అక్కడ గడిపిన ఎనిమిది నెలల జీతం ఎవరూ ఇవ్వలేదు.

నా సంతకం ఆమెను ఆపలేదు, కనబడకుండా చేసింది. అక్బర్ భవన్‌కు మారాక మహిళల వలస మీద ఏ నోట్ రాసినా ఆ జిరాక్సు కాగితం నా కళ్ల ముందు ఉండేది. ఇంటిపనికి పోయే మహిళల్ని ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపాలన్న మార్పు తర్వాత వచ్చింది. మనకు ఆంధ్రలో ఓమ్‌క్యాప్, తెలంగాణలో టామ్‌కామ్ ఉన్నాయి. దారి మంచిదే. కానీ ఏజెంటు గడప దాకా వస్తాడు, సంస్థ మాత్రం రాజధానిలో కూర్చుంటుంది. ఆ దూరం తగ్గనంత కాలం వయసు నిషేధం ఏజెంటుకే లాభం, నా అభిప్రాయం ఇప్పటికీ ఇదే.

విధానం అంటే పెద్ద ప్రసంగాలు కాదని తెలియడానికి ఇంకో సంగతి. 2020 సెప్టెంబరులో గల్ఫ్ దేశాలకు కనీస వేతన సూచికలను, అంటే మనవాళ్లను పనికి తీసుకునే యజమాని నెలకు ఇంతకు తగ్గకుండా ఇవ్వాలని మన ప్రభుత్వం పెట్టే రేట్లను, తగ్గించారు. కొన్ని దేశాలకు 200 డాలర్లు చేశారు. ఉద్యోగాలు పోకుండా కాపాడాలన్నది కారణం. అప్పటికి నేను వేరే శాఖలో ఉన్నాను, చదవగానే గుండె ఆగినంత పనైంది. ఎందుకంటే ఆ సూచిక కిందికి దిగితే యజమాని అక్కడితో ఆగడు, పాతవాళ్ల జీతం కూడా అక్కడికే లాగుతాడు. తెలంగాణ గల్ఫ్ కార్మికుల తరఫున హైకోర్టులో పిటిషన్ వేశారు. 2021లో పాత రేట్లే మళ్లీ తెచ్చారు. ఒక పట్టికలో నాలుగు అంకెలు మారితే జగిత్యాలలో, సిరిసిల్లలో ఇంటి ఖర్చు మారిపోతుంది. నువ్వు చేయాలనుకుంటున్న పని అదే.

జీతం, హోదా గురించి అడగలేదు గానీ చెప్తాను: కుటుంబం నడుస్తుంది, పేరు ఎక్కడా కనబడదు. నువ్వు ఆరు నెలలు కూర్చుని రాసిన నోట్ మీద పైవాళ్లు ఒక్క మాట రాసి పక్కన పెట్టే రోజులుంటాయి. అప్పుడు ఏడుపొస్తుంది. మళ్లీ రాయాలి.

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నావు కాబట్టి స్టాఫ్ సెలక్షన్ పరీక్షా, సివిల్స్ ప్రిలిమ్సూ రెండూ రాయి, ఒకదాని కోసం ఇంకోటి వదలకు. హిందీ మాట్లాడటం నేర్చుకో. ఈ శుక్రవారం మీ నాన్న ఫోన్ చేసినప్పుడు ఆయన ఒప్పంద పత్రం ఫొటో పంపమని అడుగు. అందులో రాసిన జీతమెంత, చేతికొస్తున్నదెంత, ఏజెంటుకు కట్టిందెంత, మూడూ ఒక కాగితం మీద రాసి పెట్టుకో. చట్టప్రకారం ఏజెంటు తీసుకోవాల్సింది 30 వేలు, పైన జీఎస్టీ. ఆ తేడా చూశాక నీకు ఇంకా ఏ ప్రశ్న వచ్చినా ఇక్కడే అడుగు, చెప్తాను.