డే కేర్‌లో నాన్నకు మర్యాద దక్కుతుందో లేదో ముందే ఎట్లా తెలుసుకోవాలి?

పగలంతా ఇంట్లో ఒంటరిగా ఉంటున్న నాన్నను నల్గొండలో డే కేర్‌కు పంపాలనుకుంటున్నామని, అక్కడ మర్యాదగా చూస్తరో లేదో ఎట్లా తెలుస్తదని అడిగారు. ఈ ఊళ్లోనే అట్లాంటి ఓ సెంటర్‌లో కొన్నేళ్లు పనిచేసిన. రంగుల గోడలు, టీవీ, క్యారంబోర్డు పక్కన పెట్టండి. మధ్యాహ్నం భోజనం వేళకు చెప్పకుండా వెళ్లి ఓ మూల కూర్చుని, పెద్దోళ్లతో సిబ్బంది ఎట్లా మెలుగుతున్నరో చూడండి.

మర్రిగూడ, మునుగోడు దిక్కు ఫ్లోరైడ్ నీళ్లు తాగి బతికిన పెద్దోళ్లలో చాలామందికి మెడ తిరగదు, నడుం వంగదు. ఇప్పుడు నల్లాల్లో కృష్ణా నీళ్లొస్తున్నా బిగుసుకుపోయిన కీళ్లు సడలవు. అట్లాంటి మనిషిని వెనకనుంచి పిలిస్తే ఒళ్లంతా తిప్పాల్సి వస్తది. పని తెలిసిన ఆయా ఎదురుగా వచ్చి కూర్చుని మాట్లాడుతది. తెలియనామె చంకల్లో చేతులేసి ఒక్కసారే లేపుతది. "లేపనా పెద్దయ్యా?" అని అడిగి కాసేపు ఆగితే, ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుట్టదో ఆయనే చెప్తడు.

కింద బంతిలో కూర్చోబెట్టే చోటు వద్దు. పళ్లు లేవని అడగకుండానే అన్నం మెత్తగా పిసికి పెట్టేస్తరు. జొన్నరొట్టె పప్పులో నానబెట్టి ఇస్తే ఆయనే తింటడు. మీద పడుతది, ఆలస్యమైతది. కానీయండి. స్పూనుతో గబగబా తినిపించేది సిబ్బంది సుఖానికే.

బాత్రూంకు గడియ, పట్టుకునేందుకు కడ్డీ ఉన్నయా చూడండి. తడిసిన పంచె గురించి నలుగురిలో గట్టిగా అంటే, మర్నాటినుంచి ఆ మనిషి నీళ్లు తాగుడు తగ్గిస్తడు. మన ఎండల్లో అది ప్రాణం మీదికొస్తది. కళ్లారా చూసిన.

చేర్చుకునేటప్పుడు "ఈయన షుగర్ గోలీలు ఏస్కుంటడా, మధ్యాహ్నం పంటడా" అని మిమ్మల్నే అడుగుతుంటే, "నాన్ననే అడగండి" అనండి. అన్నట్టు, వెళ్తావా అని నాన్నను అడిగారా? మీ ప్రశ్నలో ఆ ముక్క లేదు.

తిట్టడం, కొట్టడం కనబడితే పెద్దోళ్ల సాయానికి ఉన్న 14567 ఎల్డర్‌లైన్‌కు చెప్పొచ్చు, ఆ ఫోన్‌కు పైసలు పడవు. మొదటి వారం సగం పూటే పంపి, సాయంత్రం ఎవరితో ముచ్చట పెట్టిండో అడగండి. వారమైనా ఒక్క పేరు చెప్పకపోతే ఇంకో సెంటర్ చూడండి.