మంగళగిరి కాటన్ ఐమూలగా ఎంత సాగుతుందో మిషను లేకుండా కొలవొచ్చా?

మంగళగిరి కాటన్‌తో అంబ్రెల్లా కట్ కుర్తీలు కుట్టిస్తే నాలుగు రోజులు హ్యాంగర్‌కి ఉండగానే కింద అంచు ఎగుడుదిగుడు అవుతోందని, గుడ్డ ఎంత దిగుతుందో ముందే కొలవడం ఎలా అని అడిగారు. కొలవొచ్చండి. విజయవాడలో మా కుట్టు యూనిట్‌కి కొత్త తాను వస్తే ముందు చేసే పని అదే.

నేత గుడ్డని పడుగు వెంట లాగినా పేక వెంట లాగినా పెద్దగా సాగదు. ఐమూలగా లాగితే మాత్రం దారాలు సాగకుండానే పడుగూ పేకా కలిసే చోట తిరుగుతాయి, చదరపు గళ్లు డైమండ్ ఆకారంలోకి వాలతాయి. షియర్ అంటే ఇదే. గుండ్రంగా కత్తిరించిన కుర్తీలో కొన్ని చోట్ల గుడ్డ ఐమూలగా వేలాడుతుంది, దిగేది అక్కడే.

పెద్ద ల్యాబుల్లో జపాన్ కవాబాతా పరికరం గుడ్డని అటూ ఇటూ 8 డిగ్రీల వరకు జరిపి, పట్టిన బలాన్ని కొలుస్తుంది. మనకు అందేది ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లు తెచ్చిన ఫాస్ట్ పద్ధతి. 45 డిగ్రీల్లో 5 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ కత్తిరించి, రెండు క్లిప్పుల మధ్య 10 సెంటీమీటర్లు ఉండేలా వేలాడదీయండి. వెడల్పుకి రెట్టింపు పొడవు ఉంటేనే మధ్యలోని దారాలు ఏ క్లిప్పుకీ చిక్కకుండా తిరుగుతాయి. కింది క్లిప్పుతో కలిపి బరువు 25 గ్రాములు ఉండాలి, వంటింటి డిజిటల్ కాటా మీద తూచుకోండి. 123ని సాగిన శాతంతో భాగిస్తే షియర్ బిగువు, మీటరుకి న్యూటన్లలో. 4 మిల్లీమీటర్లు సాగితే 4 శాతం, అంటే దాదాపు 31. ఈ అంకె ఎంత తక్కువైతే గుడ్డ ఐమూలగా అంత తేలిగ్గా సాగుతుంది.

అసలు సంగతి గంజి. కొత్త గుడ్డలో గంజి దారాలను కలిసే చోటల్లా అతికించి పెడుతుంది, అందుకే కొట్లో పట్టుకుంటే అంత పెళుసుగా, బిగువుగా ఉంటుంది. ఆ గుడ్డని కొలిచి నమ్మకండి. ఉతికి, నీడన ఆరేసి, లాగకుండా ఇస్త్రీ చేసి మళ్లీ కొలవండి. మా దగ్గర రెండు అంకెలకీ ఎప్పుడూ పొంతన ఉండదు. ఎదురు ఐమూలలో కూడా ఒక పట్టీ తీయండి.

బరువు తీశాక పట్టీ ఎంతవరకు వెనక్కి వచ్చిందో కూడా రాసుకోండి. దారాల మధ్య రాపిడి వల్ల కొంత సాగుడు అలాగే ఉండిపోతుంది. కుర్తీ అంచుకి నేను ఎక్కువగా చూసేది దీన్నే. అలా మిగిలిపోయే గుడ్డైతే కత్తిరించిన కుర్తీని ఒక రాత్రి వేలాడదీసి, అంచు సమం చేశాకే మడత కుట్టించండి.

తేమకి కాటన్ మారిపోతుంది. ల్యాబుల్లో గాలి తేమని 65 శాతం దగ్గర ఉంచేది అందుకే. మే నెల ఎండలో తీసిన అంకెని వానాకాలం అంకెతో పోల్చకండి. రెండు తానుల్లో ఏది మెరుగో తేల్చాలంటే రెండింటినీ ఒకే పూట కొలవండి.