టెర్రస్ మీద టెక్నో నైట్ ఆగిపోయింది, అడ్వాన్స్ రాదా?

ప్రశ్న: హైదరాబాద్‌లో టెక్నో, హౌస్ మ్యూజిక్ నైట్స్ ఏర్పాటు చేస్తుంటాను. జూబ్లీహిల్స్‌లో ఒక పబ్ టెర్రస్‌కు లక్షన్నర అడ్వాన్స్ ఇచ్చాను. ‘పన్నెండు దాకా పర్మిషన్ ఉంది’ అని మేనేజర్ వాట్సాప్‌లో రాశాడు. రాత్రి 10:20కి పోలీసులు ఆపించి, అద్దెకు తెచ్చిన మిక్సర్, రెండు సబ్‌ఊఫర్లు పట్టుకెళ్లారు. అనుమతులు నిర్వాహకురాలి బాధ్యతని అగ్రిమెంట్‌లో ఉందంటూ పబ్‌వాళ్లు డబ్బు ఇవ్వనంటున్నారు. టికెట్లు కొన్నవాళ్లూ అడుగుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు సామాను విడిపించుకోండి, అద్దె రోజురోజుకీ పెరుగుతుంది. పంచనామా నకలు తీసుకుని ప్రతి పెట్టె సీరియల్ నంబరూ రాశారో లేదో చూడండి. ‘స్పీకర్లు 2’ అని రాసి వదిలేస్తే ఏది ఎవరిదో తేలదు. తర్వాత క్రిమినల్ కేసుల విధానం చెప్పే చట్టం బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 503 సెక్షన్ కింద (సామాను కోర్టులో దాఖలు చేసి ఉంటే 497) మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వేయాలి. సామాను సౌండ్‌వాళ్లది కాబట్టి వాళ్ల పేరుతోనే, కొన్న బిల్లు జతచేసి వేయించండి. అద్దె చలాన్‌తో మీరు వేస్తే యాజమాన్యం రుజువు దగ్గర ఆగిపోతుంది.

మేనేజర్ చెప్పిన పన్నెండు గంటలు బార్ తెరిచి ఉంచే సమయం అయివుంటుంది. సౌండ్‌కు 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు వేరే ఉన్నాయి. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా లౌడ్‌స్పీకర్ నిషిద్ధం. బాంకెట్ హాలు వంటి మూసిన చోట్లకు మినహాయింపు ఉంది కానీ పైకప్పు లేని టెర్రస్‌కు లేదు. పదికి ముందైనా లిఖిత అనుమతి కావాలి. ఆవరణ సరిహద్దులో శబ్దం నివాస ప్రాంతంలో 65, వాణిజ్య ప్రాంతంలో 75 డెసిబెళ్లు దాటకూడదు. కొలిచేది డీజే కన్సోల్ దగ్గర కాదు, ప్రహరీ దగ్గర. శబ్దం కొలిచే ‘ఎ’ స్కేల్ మీటరు సబ్‌ఊఫర్ల నుంచి వచ్చే లోతైన బేస్‌ను తక్కువ చూపిస్తుంది. అంకె సరిగ్గానే ఉన్నా పక్కింటి కిటికీలు అదురుతాయి, ఫిర్యాదులు అక్కడే పుడతాయి. సబ్‌ఊఫర్ల లెవెల్ విడిగా తగ్గించమనండి.

అడ్వాన్స్ మొత్తం వస్తుందని ఆశపెట్టను. అగ్రిమెంట్ క్లాజు మీకు వ్యతిరేకం, పైగా టెర్రస్ కొంతసేపు వాడుకున్నారు. కానీ ఆ వాట్సాప్ మెసేజ్ బలమైన ఆధారం. అది చూసే టెర్రస్ తీసుకున్నారని రుజువైతే కాంట్రాక్టు చట్టం 18, 19 సెక్షన్ల కింద తప్పుడు ప్రకటన అని వాదించవచ్చు. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. కోర్టులో దానికి ఎలక్ట్రానిక్ ఆధారాన్ని ధ్రువీకరించే భారతీయ సాక్ష్య అధినియమం 63(4) సర్టిఫికెట్ జతచేయాలి. 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో లీగల్ నోటీసు ఇవ్వండి. కదలకపోతే సిటీ సివిల్ కోర్టు న్యాయ సేవాధికార సంస్థలో కేసుకు ముందే రాజీ దరఖాస్తు పెట్టండి, కోర్టు ఫీజు లేదు. అక్కడా తేలకపోతే మూడేళ్లలోపు సివిల్ దావా. మీది వ్యాపారం కాబట్టి వినియోగదారుల కమిషన్ మీకు పనికిరాదు. టికెట్ కొన్నవాళ్లు మాత్రం మీమీద అక్కడికి వెళ్లగలరు. పన్నెండు దాకా అని అమ్మారు కాబట్టి మిగిలిన గంటల మేరకైనా వాళ్లకు ముందే తిరిగివ్వండి.

సాక్షిగా స్టేషన్‌కు రమ్మంటే వెళ్లనక్కర్లేదు. బీఎన్ఎస్ఎస్ 179 ప్రకారం మహిళ వాంగ్మూలం ఆమె ఇంటి దగ్గరే తీసుకోవాలి. నేరారోపణ మీమీదే ఉందంటూ అదే చట్టం 35(3) కింద నోటీసు ఇస్తే మాత్రం తప్పక హాజరవ్వాలి.

పాటల లైసెన్సు కూడా చూసుకోండి. పబ్‌కు ఏడాది లైసెన్సు ఉన్నా అందులో టికెట్ షోలు ఉన్నాయో లేదో చదవండి. స్వరరచనకు, రికార్డింగుకు హక్కులు వేర్వేరు కాబట్టి రెండింటికీ అనుమతి చూపించమనండి.