అమెరికా పౌరసత్వానికి టోఫెల్ రాయాలా?

ప్రశ్న: అమ్మకు 57 ఏళ్లు, గ్రీన్ కార్డు వచ్చి 16 ఏళ్లు. ఇంగ్లిష్ రాదు. అమెరికా పౌరసత్వం వస్తుందా? టోఫెల్ కావాలా?

టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ కాలేజీ సీటు కోసం. ఎంత స్కోరు కావాలో ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీ పెట్టుకుంటుంది. పౌరసత్వానికి వాటితో పనే లేదు.

పౌరసత్వం పరీక్ష ఇంటర్వ్యూలోనే జరుగుతుంది. మూడు వాక్యాల్లో ఒకటి తప్పు లేకుండా చదవాలి, అధికారి చెప్పే మూడింటిలో ఒకటి రాయాలి. మాట్లాడటం వచ్చో రాదో ఫారంలోని వివరాలు అడుగుతూనే చూస్తారు. చాలామంది తడబడేది ఇక్కడే.

మీ అమ్మగారికి ఆ టెన్షన్ అక్కర్లేదు. దరఖాస్తు నాటికి 55 దాటి, గ్రీన్ కార్డుతో 15 ఏళ్లు అక్కడే నివాసముంటే ఇంగ్లిష్ మినహాయింపు ఉంది (50 దాటితే 20 ఏళ్లు ఉండాలి). సివిక్స్ ప్రశ్నలు (అమెరికా చరిత్ర, ప్రభుత్వం గురించి అడిగేవి) మాత్రం తప్పవు. అవి తెలుగులో చెప్పొచ్చు, దుభాషిని మీరే తెచ్చుకోవాలి. "మొదటి ప్రెసిడెంట్ ఎవరు?" లాంటివే, ఇప్పటి నుంచే తెలుగులో చదివించండి.

ఒక్కటి చూసుకోండి: ఆవిడ మధ్యలో ఇండియాలో ఏడాదికి మించి ఉండిపోతే అసలు అర్హతకే అడ్డం రావచ్చు.