సూత్రం ఇచ్చాక ప్రదేశం మళ్లీ ఎందుకు?

ప్రమేయానికి (ఫంక్షన్‌కు) సూత్రం ఇచ్చేశాక దాని ప్రదేశం (డొమైన్), అంటే ఆ సూత్రంలో వేయదగిన విలువలన్నీ, విడిగా కనుక్కోవడం ఎందుకు, ఎలా కనుక్కోవాలి అని ఇంటర్ మొదటి సంవత్సరం విద్యార్థి అడిగారు. గుంటూరు బ్రాడీపేటలో సాయంత్రాలు లెక్కలు చెబుతాను. మొదటి అధ్యాయంలోనే ఏటా ఎవరో ఒకరు ఇది అడుగుతారు. అడగవలసిన ప్రశ్నే.

విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 70 గేట్లు. ఎత్తిన గేట్ల సంఖ్య ఎక్స్ అనుకోండి. ప్రతి గేటు నుంచీ ఒకే పరిమాణంలో నీరు పోతుందనుకుంటే, ఆ పరిమాణాన్ని ఎక్స్‌తో గుణిస్తే మొత్తం నీరు వస్తుంది. ఎక్స్ స్థానంలో 71 వేసినా, −3 వేసినా గుణకారం ఆగదు. కానీ 71వ గేటు ఎక్కడుంది? ఇక్కడ ప్రదేశం 0 నుంచి 70 వరకు ఉన్న పూర్ణాంకాలు. అన్నీ మూసి ఉంచడమూ ఒక స్థితే కాబట్టి సున్నాను వదలకండి.

నేను ఇంటర్ చదివేటప్పుడు పరీక్షలో (ఎక్స్² − 4)/(ఎక్స్ − 2), ఎక్స్ + 2 ఒకే ప్రమేయమా అని అడిగారు. పైనా కిందా కొట్టేసి 'అవును' అని రాశాను. మార్కు రాలేదు. లెక్చరర్ గారు బోర్డు దగ్గరికి పిలిచి, రెండింటిలోనూ 2 ప్రతిక్షేపించమన్నారు. ఒకదానిలో 4 వచ్చింది, రెండోదానిలో సున్నా బై సున్నా. సూత్రం ఎంత కలిసినా ప్రదేశాలు వేరైతే ప్రమేయాలు వేరేనని ఆ రోజు తెలిసింది. అందుకే కొట్టివేతకు ముందే ప్రదేశం రాయమని మా పిల్లలకు గట్టిగా చెబుతాను.

ప్రదేశం ఇవ్వకపోతే, విలువ వాస్తవ సంఖ్యగా వచ్చే ఎక్స్‌లన్నీ తీసుకోవాలి. మీ అధ్యాయంలో ఎక్కువగా చూడవలసినవి మూడు: హారం సున్నా కాకూడదు, వర్గమూలం లోపల రుణ సంఖ్య రాకూడదు, సంవర్గమానం (లాగరిథమ్) లోపల ధన సంఖ్యే ఉండాలి.

ఎక్కువమంది తప్పేది √(ఎక్స్² − 9) దగ్గర. ఎక్స్² ≥ 9 వరకు సరిగ్గా వచ్చి, ఎక్స్ ≥ 3 అని ముగిస్తారు. −5 వేసి చూడండి: 25లోంచి 9 పోతే 16, వర్గమూలం 4. చక్కగా విలువ వచ్చింది కదా! కాబట్టి ఎక్స్ ≤ −3 వైపు కూడా ప్రదేశంలోదే. −3కు, 3కు మధ్య ఉన్నవి మాత్రమే పోతాయి. ఇదే వర్గమూలం హారంలో ఉంటే −3, 3 కూడా పోతాయి.